గాజులు తొడిగిన లైట్లు

ఫిబ్రవరి 9, సోమవారం

లైట్లు వచ్చాయి. ఎనిమిది పెట్టెలు. ఒక్కో పెట్టె ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేదు.

ఇన్నాళ్ళూ మా హాల్లో ఉన్నవి కదలని లైట్లు. నిచ్చెనెక్కి, చేత్తో తిప్పి, నట్టు బిగించి దిగిరావాలి. ఇవి మూవింగ్ హెడ్స్. కన్సోల్ దగ్గర కూర్చుని వేలు కదిపితే చాలు, పైన అవే తల తిప్పుతాయి, తల వంచుతాయి, రంగు మార్చుకుంటాయి. అది కాక లెన్సు చుట్టూ ఒక ఎల్ఈడీ రింగ్ ఉంది. దాని వెలుతురు స్టేజీ దాకా రాదు. వట్టి అలంకారం. చిన్న చిన్న చుక్కలు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా పరుగెత్తుతాయి. దాన్ని ఎందుకు పెట్టారో మాన్యువల్లో రాయలేదు.

మాన్యువల్ ఇంగ్లీషులో డెబ్బై రెండు పేజీలు. మేనేజర్ గారు దాన్ని నా చేతిలో పెట్టి, నిన్ను పనిలోకి తీసుకున్నది ఇందుకే అన్నారు. నిజమే. నాలుగు నెలల కిందట ఇంటర్వ్యూలో ఏదో మెషీన్ కాగితం ఇచ్చి చదివి అర్థం చెప్పమన్నారు. ఇంకేమీ అడగలేదు.

మొదటి లైటు రింగ్ వెలిగించినప్పుడు నాన్న కింద నిలబడి చాలాసేపు చూశాడు. లైటుకు గాజులు తొడిగారు అన్నాడు, నవ్వకుండా. సాయంత్రానికి హాలంతా వాటిని గాజులనే అంటోంది. రింగ్ ఎఫెక్ట్ అని నేను రెండుసార్లు సరిచేశాను. తర్వాత మానేశాను.

ఫిబ్రవరి 10, మంగళవారం

నాన్న ఇరవై ఆరేళ్ళుగా ఈ హాల్లో ఫాలో స్పాట్ నడుపుతున్నాడు. ఆఖరి వరుస కుర్చీల వెనక, కాస్త ఎత్తులో, ప్లైవుడ్ బూత్ ఉంటుంది. అందులో ఫిరంగిలాంటి లైటు. వెనక పిడి పట్టుకుని, స్టేజీ మీద మనిషి ఎటు పోతే అటు వెలుగు గుండ్రాన్ని తీసుకుపోవాలి. హాల్లో అందరూ ఆయన్ని స్పాట్ అనే పిలుస్తారు. హాజరు పుస్తకంలో ఆయన గడిలో వేలిముద్ర ఉంటుంది. దాని కింది గడిలో నా సంతకం. సంతకాన్ని నేను అవసరం కంటే పెద్దగా పెడుతున్నానని ఇవాళే గమనించాను.

మధ్యాహ్నం మేనేజర్ గారు పిలిచారు. ఇరవై ఎనిమిదిన కొత్త లైట్లతో మొదటి నాటకం. ఈలోగా ఒక పేజీ రిపోర్టు కావాలట. కొత్త లైట్లు వచ్చాక ఫాలో స్పాట్ అవసరం ఉందా, లేదా. హాలు కమిటీ వాళ్ళకు లైట్ల సంగతి తెలియదు, నేను ఏది రాస్తే అదే. అవసరం లేకపోతే బూత్ తీసేసి రెండు వరుసల కుర్చీలు వేస్తారు. మరి స్పాట్ నడిపే మనిషి అని అడిగాను. గేటు దగ్గర ఎప్పుడూ పని ఉంటుంది కదా అన్నారు. అది మా నాన్న అన్నాను. తెలిసే నీకు చెబుతున్నాను, కూతురే రాస్తే రేపు ఎవరూ వేలెత్తి చూపలేరు అన్నారు.

ఇంటికి నడిచి వస్తూ నాన్నకు చెప్పాను. ఎన్ని రోజుల్లో ఇవ్వాలి అని మాత్రం అడిగాడు.

ఫిబ్రవరి 12, గురువారం

ఇంట్లో ట్యూబ్‌లైట్ నెల రోజుల నుంచి కొట్టుకుంటోంది. తండ్రీకూతుళ్ళిద్దరూ ఊరందరికీ లైట్లు వేస్తారు, నేను మాత్రం మెరుపుల్లో అన్నం వడ్డించాలి అంది అమ్మ. లాండ్రీలో రోజంతా నిలబడి ఇస్త్రీ చేసి వస్తుంది. మాట కూడా ఇస్త్రీ మడతలాగే ఉంటుంది.

నాయనమ్మకు కొత్త లైట్ల గురించి చెప్పాను. పిలిస్తే తల తిప్పుతాయా అని అడిగింది. తిప్పుతాయన్నాను. మీ తాతా అంతే, పిలిస్తే తల తిప్పేవాడు, లేచేవాడు మాత్రం కాదు అంది. నాన్నకు తింటూ తింటూ పొలమారింది.

రిపోర్టు సంగతి నాన్న ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

అమ్మే స్టూలెక్కి ట్యూబ్‌లైట్ మార్చింది. మేమిద్దరం స్టూలు పట్టుకున్నాం.

ఫిబ్రవరి 16, సోమవారం

మొదటి రిహార్సల్. సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను.

నాటకంలో ప్రధాన పాత్ర వేసే ఆవిడకు అరవై దాటాయి. అందరూ పెద్దక్క అంటారు. ఆవిడ నిలబడాల్సిన చోట్ల నేను పొద్దున్నే నేల మీద తెల్ల టేపు అంటించాను. కొత్త లైట్లకు మనిషి కనబడడు. ఎక్కడ తిరగమని ముందే చెబుతామో అక్కడికే తిరుగుతాయి. కాబట్టి మనిషే టేపు మీదికి రావాలి. పెద్దక్క ఒక్క టేపు మీదా నిలబడలేదు. గీత చూసుకుని ఆగడానికి నేనేమైనా బస్సునా అని అడిగింది. ట్రూపంతా నవ్వింది.

అంతవరకు పరవాలేదు. రెండో సీన్లో డైరెక్టర్ గారు గాజులు వెలిగించమన్నారు. వెలిగించాను. చుక్కలు పరుగెత్తడం మొదలైంది, లైట్లు తలలు ఊపడం మొదలైంది. నేను ఏమీ చెప్పకుండానే. అడ్డంగా, నిలువుగా, జ్వరం వచ్చినట్టు. పెద్దక్క డైలాగ్ ఆపి పైకి చూసి, నేనన్న మాట వీళ్ళకు నచ్చలేదమ్మా అంది. గాజులు ఆపితే తలలు ఆగాయి. వెలిగిస్తే మళ్ళీ ఊగాయి.

రెండు గంటలు మాన్యువల్ తిరగేశాను. కేబుళ్ళు విప్పి పెట్టాను. ప్లగ్గులు మార్చాను. ట్రూప్ టీ తాగి, మళ్ళీ టీ తాగి, వెళ్ళిపోయింది.

నాన్న బూత్ దిగి వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఇంకోసారి వెలిగించు, కాగితం చూడకు, పైకి చూడు అన్నాడు. వెలిగించాను. మొదటిది అసలు ఊగడం లేదు చూశావా అన్నాడు. నిజమే, మొదటి లైటు బుద్ధిగా ఉంది. దాని గాజు మెరిసినప్పుడు రెండోది ఊగుతోంది, రెండోదాని గాజు మెరిస్తే మూడోది. ఆఖరిదాని గాజు మెరిస్తే ఎవరూ ఊగడం లేదు, దాని తర్వాత ఎవరూ లేరు కాబట్టి. ఒకరి గాజులు పక్కవాళ్ళను కుదుపుతున్నాయి అన్నాడు నాన్న. అంతే చెప్పి, స్పాట్ లెన్సు తుడవాలని వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చేదాకా అర్థం కాలేదు. చెప్పులు విప్పుతుంటే అర్థమైంది.

ఫిబ్రవరి 17, మంగళవారం

తప్పు నాదే. ప్రతి లైటుకూ ఒక అడ్రస్ ఇవ్వాలి, వీధిలో ఇంటి నంబర్లలాగ. ఒక్కో లైటుకు ఇరవై నంబర్లు చాలని మాన్యువల్ మొదటి పట్టికలో ఉంది. అలాగే ఇచ్చాను. గాజులు కూడా వాడుకోవాలంటే పెద్ద మోడ్ పెట్టాలని నలభై ఒకటో పేజీలో ఉంది. ఆ మోడ్ పెట్టాను. అందులో ఒక్కో లైటుకు ముప్ఫై నాలుగు నంబర్లు కావాలి. ఆ పట్టిక కూడా చదివాను. కానీ నంబర్లు మార్చలేదు. దాంతో రెండో లైటు గాజుకు పంపిన మాట మూడో లైటు ఇంట్లో పడింది. ఆ ఇంట్లో మొదటి నంబరు తల తిప్పడానిది. ఈ పాత కన్సోల్ ఇలా ఒకదాని మీద ఒకటి పడినా నోరు విప్పదు.

ఎనిమిదింటికీ కొత్త అడ్రసులు ఇచ్చాను. ఇరవై నిమిషాల పని. గాజులు పరుగెత్తాయి, తలలు కదల్లేదు.

మేనేజర్ గారు వచ్చి చూశారు. చదువు చదువే, ఎలా కనిపెట్టావమ్మా అన్నారు. నాన్న అక్కడే, నాలుగడుగుల దూరంలో, గుడ్డ దులుపుతున్నాడు. అడ్రసులు సరిపోలేదండీ, మార్చాను అన్నాను. అడిగింది అది కాదు.

నాన్న గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి 18, బుధవారం

ఏమీ రాయాలని లేదు.

ఫిబ్రవరి 19, గురువారం

పెద్దక్క టేపు మీద నిలబడదు కాబట్టి టేపులన్నీ పీకేశాను. నాన్ననే అడిగాను, ఆవిడ ఎటు వెళ్తుందో ముందే ఎలా తెలుస్తుందని.

కాళ్ళు చూడు అన్నాడు. ముఖం కూర్చున్నవాళ్ళ కోసం, కాళ్ళు మనకోసమట. పెద్దక్క కుడివైపు వెళ్ళే ముందు ఎడమ మడమ కొంచెం బయటికి తిప్పుతుంది. వెనక్కి వెళ్ళే ముందు వేళ్ళు నేలకు నొక్కుతుంది. కోపం నటించేటప్పుడు అడుగు చిన్నది, ఏడుపు నటించేటప్పుడు పెద్దది. అందరికీ ఇలా ఏదో ఒకటి ఉంటుందట. డైరెక్టర్ గారు అబద్ధం చెప్పేటప్పుడు ఒంటికాలి మీద బరువు వేస్తారట.

రిహార్సల్ అంతా నాన్న నా పక్కన కూర్చున్నాడు. ఆవిడ మడమ కదలగానే ఇప్పుడు అంటాడు. ఎక్కడ ఆగుతుందో వేలితో చూపిస్తాడు. నేను అక్కడికి లైటు తిప్పి, ఆ వెలుతురుకు ఒక క్యూ నంబరు ఇచ్చి కన్సోల్లో దాచుకుంటాను. ప్రోగ్రాం రోజున సమయానికి గో బటన్ నొక్కితే చాలు, లైట్లు తామే ఆ చోటికి వెళ్తాయి. వరుస తప్పితే ఆ నంబరు కొట్టి గో నొక్కాలి. సాయంత్రానికి అరవై మూడు క్యూలు అయ్యాయి.

ఇరవై ఆరేళ్ళలో నేర్చుకున్నది ఒక్కొక్కటే అడిగి తీసుకుని పెట్టెలో వేసుకుంటున్నానని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. ముప్ఫై ఎనిమిదో క్యూ నేను కాస్త ఎడమకు పెడితే, కాదని లేచి వెళ్ళి స్టేజీ మీద సరిగ్గా ఆ చోట నిలబడి చూపించాడు. లైటు ఆయన మీద పడింది. కళ్ళు చికిలించాడు. స్టేజీ మీద లైటులో నాన్నను చూడడం అదే మొదటిసారి. వెంటనే దిగిపోయాడు.

ఫిబ్రవరి 21, శనివారం

ఒక్కటి కుదరడం లేదు. నేను ప్రతిసారీ ఆలస్యం.

మడమ కదలడం చూసి గో నొక్కుతాను. లైటు తల తిరిగేసరికి పెద్దక్క అర అడుగు చీకట్లో నడిచి ఉంటుంది. మనిషి కంటే ముందు వెలుగు అక్కడ ఉండాలి, వెనక పోతే తరిమినట్టు ఉంటుంది అని నాన్న అంటాడు. మరి మడమ కంటే ముందు ఏం చూడాలి అని అడిగాను. తెలియదమ్మా, చెయ్యి వెళ్ళిపోతుంది అన్నాడు.

పదకొండుసార్లు ప్రయత్నించాను. పదకొండుసార్లూ అర అడుగే. పెద్దక్క విసుక్కోలేదు. అది నచ్చలేదు నాకు.

చూసేవాళ్ళలో చాలామందికి ఈ తేడా తెలియదని మేనేజర్ గారు అన్నారు. అదీ నిజమే.

ఫిబ్రవరి 23, సోమవారం

రిపోర్టు రాశాను. ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి. పద్నాలుగు లైన్లు.

నాలుగుసార్లు చింపి రాశాను. ప్రతిసారీ స్పాట్ ఉండాలని మొదలుపెడతాను. రెండో లైనుకు కారణం ఇవ్వాలి. కొత్త లైట్లు అన్ని చోట్లకూ అందుతాయి. రంగులు ఉన్నాయి. ఎనిమిదింటిలో ఒకటి చెడినా ఏడు ఉంటాయి. రిహార్సల్ చూసే మనిషి కన్సోల్ దగ్గర ఉంటే స్పాట్ లేకుండా నాటకం జరుగుతుంది. జరిపి చూశాను కదా. మనిషి కంటే ముందు వెలుగు ఉండాలని నాన్న అన్నది తప్ప వేరే కారణం లేదు. ఆ మాటకు రిపోర్టులో చోటు లేదు.

చివరకు ఉన్నది ఉన్నట్టు రాశాను. ఫాలో స్పాట్ అవసరం లేదు. పరీక్షలో కనబడిన లోపాన్ని గుర్తించి సరిచేయడం జరిగింది అని కూడా రాశాను. ఎవరు గుర్తించారో రాయలేదు. ఇలాంటి వాక్యాలు రాయడం కాలేజీలోనే నేర్పారు.

ఫిబ్రవరి 24, మంగళవారం, ఉదయం 7

అమ్మ లాండ్రీకి వెళ్ళిపోయింది. నాన్న గుమ్మంలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. అద్దం కిటికీకి ఆనించి ఉంది. మేనేజర్‌కు ఇచ్చే కాగితం చదువు, విందాం అన్నాడు.

ఆయన వెనక నిలబడి చదివాను. కొత్త లైట్లు మంచివే అయినా ఫాలో స్పాట్ తప్పనిసరిగా ఉండాలి అని చదివాను. అనుభవం ఉన్న ఆపరేటర్ లేకపోతే నటులకు ఇబ్బంది అని చదివాను. కాగితం మీద లేనివి అంత తేలిగ్గా నోటికి వస్తాయని నాకు తెలియదు. చివర కృతజ్ఞతలు కూడా చెప్పాను.

ఆయన గీసుకోవడం పూర్తిచేశాడు. ముఖం కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు.

"నువ్వు చదివేటప్పుడు నీ కళ్ళు ఇటు నుంచి అటు పోయి, మళ్ళీ ఇటు వస్తాయమ్మా. ఒకటో క్లాసు నుంచీ చూస్తున్నాను. ఇందాక అద్దంలో చూశాను. ఒక్కచోటే ఉన్నాయి. ఉన్నది చదువు."

చదివాను. పద్నాలుగు లైన్లూ. గొంతు ఎక్కడా వణకలేదు, అది కూడా రాసుకోవాలి.

ఆయన తలూపాడు. రెండు అడిగాడు. అర అడుగు ఆలస్యం సంగతి రాశావా అన్నాడు. రాయలేదు, రాస్తాను, అది రాస్తే బూత్ ఉంచవచ్చు కూడా అన్నాను.

"వద్దు. అది నీకు వస్తుంది. ఇవాళ రాలేదని రాసి ఇస్తే, ఎప్పటికీ రానట్టే చూస్తారు నిన్ను."

రెండోది అడిగే ముందు తువ్వాలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.

"ఆ గాజుల సంగతి మాత్రం... చూసింది నేను కదా."

అవును నాన్నా అన్నాను. అయితే అది రాయి అన్నాడు.

అదే రోజు, ఉదయం 9

రాశాను. లోపాన్ని గుర్తించినది ఫాలో స్పాట్ ఆపరేటర్. సరిచేసినది నేను. ఇప్పుడు పదిహేను లైన్లు.

ఫిబ్రవరి 25, బుధవారం

మేనేజర్ గారు రిపోర్టు నిలబడే చదివారు. చేతిరాత బాగుందన్నారు. పదో లైను దగ్గర ఆగి, ఇదేమిటి, కనిపెట్టింది స్పాటా అని అడిగారు. అవునన్నాను. ఆ రోజు చెప్పలేదే అన్నారు. చెప్పాల్సింది, చెప్పలేదు అన్నాను. ఆయన కాగితం ఫైల్లో పెట్టారు.

శనివారం నాటకానికి స్పాట్ వెలిగించరు. వచ్చేవాళ్ళు కొత్త లైట్లనే చూడాలట. సోమవారం బూత్ విప్పుతారు. నాన్నను పిలిచి గేటు పని చెప్పారు. ఆలోచించుకుని చెబుతానన్నాడట. శనివారానికి ఒక పాస్ ఇచ్చారు. పద్నాలుగో వరుస, నడవ పక్కన.

ఇంట్లో చెప్పాం. నాయనమ్మ, పోనీలే, ఇన్నేళ్ళకు కూర్చుని చూస్తాడు అంది. అమ్మ నాన్న తెల్ల చొక్కా తీసి ఇస్త్రీ చేసింది. అది చేసే ఉంది. మళ్ళీ చేసింది.

ఫిబ్రవరి 27, శుక్రవారం

కార్పెంటర్ బూత్ కొలతలు తీసుకోవడానికి వచ్చాడు. నేను టార్చ్ పట్టుకుని లోపలికి వెళ్ళాను. ఇన్నేళ్ళలో లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు. ఒక మనిషికే చోటు.

మూడు గోడల మీదా సుద్దతో పాదాల బొమ్మలు. వందలు. జతలు జతలుగా. కొన్నిటికి మడమ దగ్గర గీత, కొన్నిటికి వేళ్ళ దగ్గర చుక్క. పాతవి చెరిగి వాటి మీద కొత్తవి. స్పాట్ పిడి ఎదురుగా, కంటి ఎత్తులో ఒక జత ఉంది. ఎడమ మడమ బయటికి తిరిగి ఉంది. ఎవరివో నాకు తెలుసు.

ఇవేమిటి అని కార్పెంటర్ అడిగాడు. క్యూ షీట్లు అన్నాను. ఎవరైనా చదవగలరా అన్నాడు. ఈ మధ్యే నేర్చుకుంటున్నానని చెప్పాను. అతను కొలత టేపు మడుచుకుని, ప్లైవుడ్ ఇంకా గట్టిగానే ఉంది, బల్లలకు పనికొస్తుంది అన్నాడు.

ఫిబ్రవరి 28, శనివారం, ఇంటర్వెల్

డైరీ తేలేదు. క్యూ షీటు బోర్లా తిప్పి వెనక రాస్తున్నాను.

హాలు నిండింది. గాజులు తిరుగుతున్నాయి. జనం పైకి చూసి ఫోన్లు తీస్తున్నారు. నాన్న కూడా పైకే చూస్తున్నాడు. వెనక కన్సోల్ దగ్గర ఉన్న నాకు ఆయన వీపు, తెల్ల చొక్కా, తల వెనకభాగం కనబడుతున్నాయి.

మొదటి అంకంలో తొమ్మిది క్యూల దాకా అర అడుగు ఆలస్యం. పదో క్యూ దగ్గర పెద్దక్క రిహార్సల్లో ఎన్నడూ లేనిది, కదలకుండా నిలబడిపోయింది. మడమ కోసం చూశాను. చీర అంచు అడ్డం వచ్చింది.

నాన్న తల కుడికి తిరిగింది.

కుడి క్యూ నొక్కాను. లైటు వెళ్ళి ఖాళీ నేల మీద ఆగింది. తర్వాత ఆవిడ అందులోకి నడిచింది.

అక్కడి నుంచి స్టేజీ వైపు చూడలేదు.

గంట కొట్టారు. షీటు ఇలా బోర్లానే ఉంచుతాను.